పెద్ద ముల్లు పన్నెండు మీద

బాళగనూరు క్యాంపు,
గురువారం మధ్యాహ్నం.

మా ఇంటాయనకు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, నేను, అర్పిత, గేదె, దానికి పుట్టిన కొత్త పెయ్య, అందరం క్షేమంగా ఉన్నాం. మీరూ క్షేమమని రాయించారు. కుడిచేయి మోచేతి పైదాకా తీసేసిన మనిషి క్షేమమని రాయిస్తే ఎంతవరకు నమ్మాలో నాకు తెలియదు గానీ, రాయించారు కదా అని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. మీ తమ్ముడు కోటి అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. మరిదీ, ఇది కూడా నువ్వే చదివి వినిపించాలి కాబట్టి నీకే చెబుతున్నాను, కాస్త నిదానంగా రాయి. మీ అన్నయ్య చెప్పే మాటలు ఎక్కడికీ పారిపోవు. ఆసుపత్రి క్యాంటీను అన్నం పడటం లేదని రాశావు, మజ్జిగ కొనుక్కుని తాగు. నువ్వు కూడా మంచమెక్కితే చూడటానికి ఇంట్లో ఇంకో మగమనిషి లేడు.

మీరు అడిగినవాటికి వరసగా చెబుతాను. పొలం పొట్ట మీదుంది. కింది మడిలో దోమ కనిపిస్తే మందు కొట్టించాను. కాలవ చివరన ఉన్నాం కాబట్టి నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మురుగు కాలవ మీద మోటారు వేయక తప్పడం లేదు. అది నేనే వేస్తున్నాను. మీరు కంగారు పడతారని పోయిన ఉత్తరంలో రాయలేదు. స్టార్టరు నొక్కడం వరకే నా పని, స్తంభాల వైపు కన్నెత్తి కూడా చూడను. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఇప్పుడు మన ఆంధ్రావాళ్ళ క్యాంపు మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంటోంది. ఇన్నాళ్ళూ ప్రతి మగవాడూ కరెంటు లేని వేళ చూసుకుని ఎక్కి, తీగ చుట్టి దిగేవాడే. అది కూడా గట్టు వేయడం, గడ్డి కోయడం లాంటి మామూలు పనే అనుకునేవాళ్ళం. మీకు జరిగాక ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

మిమ్మల్ని చూడటానికి బస్సులో హైదరాబాదు వచ్చినప్పుడు కృష్ణ దాటే ముందు శక్తినగర్ పొగగొట్టాలు కనిపించాయి. పెళ్ళయిన కొత్తలో అవి చూపించి, మన జిల్లాలో పుట్టే కరెంటు రాష్ట్రమంతా వెలుగుతుందని గర్వంగా చెప్పారు. తర్వాత తర్వాత, అంతటికీ పోగా మన మోటార్లకు రోజుకు నాలుగు గంటలు మిగులుతుందని తిట్టుకునేవారు. ఆ నాలుగు గంటలే మన కొంప ముంచాయి. ఈసారి అవి కనిపించగానే బస్సు కిటికీ తెర లాగేసి కూర్చున్నాను.

అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు తప్ప ఏమీ లేదు. మొన్న మీ చొక్కాలన్నీ పెట్టెలోంచి తీసి మంచం మీద పరిచింది. కుడిచేతులు కురచ చేయించాలా, అలాగే వదిలేయాలా అని నన్ను అడిగింది. మిమ్మల్ని అడుగుతానన్నాను. మీరే చెప్పండి.

ఇక అర్పిత సంగతి. గడియారం గోడ మీంచి తీశావా, టీచరుతో మాట్లాడావా, నాన్న జారిపడ్డాడనే చెబుతున్నావా అని మూడు అడిగారు. మూడూ చేశాను. మూడూ చేయకుండా ఉండాల్సింది.

ఈ సంగతి ఇన్నాళ్ళూ మనిద్దరి మధ్యే ఉంది. మీకు కాగితం పట్టుకునే వీలు లేదు, ఎడమచేతి కట్టు ఇంకా విప్పలేదు. కాబట్టి కోటి నోటితోనే మీరు వినాలి. మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా కోటికి తెలియక తప్పదు. మరిదీ, పక్క మంచాలవాళ్ళు వినకుండా మెల్లగా చదువు. మధ్యలో ఆపి అన్నయ్య ముఖం చూడకు.

అర్పిత చదివే రెండో తరగతిలో ప్రతి సోమవారం ఒక కాగితం ఇంటికి పంపుతారు. ఈ వారం పిల్లలు ఏమేమి నేర్చుకోవాలి, ఇంట్లో పెద్దలు ఏం చేయించాలి అని కన్నడంలో ఉంటుంది. వానాకాలం నాట్లయ్యాక వచ్చిన ఒక కాగితంలో, గడియారం చూసి టైము చెప్పడం నేర్పాలి, ఇంట్లో రోజూ అడిగి నోటితో చెప్పించాలి అని ఉంది. మీ అన్నయ్య సంబరం చూడాలి కోటీ. చేతి వాచీ తీసి లోపలి గది మేకుకు తగిలించి, ఈ వారమంతా మన ఇంటి గడియారం అర్పితే, దాన్ని అడగకుండా ఎవరూ గోడ వైపు చూడొద్దని చాటింపు వేశారు. పాలు పితకాలంటే అర్పితా టైమెంత. బస్సొచ్చే వేళయిందా అర్పితా. అదేమో పరికిణీ ఎత్తి పట్టుకుని గడియారం కిందికి పరుగు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. ఒక్కోసారి పెద్ద ముల్లునూ చిన్న ముల్లునూ తారుమారు చేసేది. మేం నవ్వేవాళ్ళం.

ఆ శనివారం ఒంటిపూట బడి. అర్పిత ఇంటికొచ్చేసింది. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది, పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు. ఫ్యూజు ముందురోజే పోయింది. మా లైనుకు కరెంటు ఒకటింపావుకు వస్తుంది, ఆలోపు వేసేద్దామని మీ అన్నయ్య కటింగ్ ప్లేయరూ తీగా పట్టుకుని గుమ్మంలో నిలబడి, అర్పితా టైమెంతమ్మా అని అడిగారు.

"పన్నెండూ అయిదు నాన్నా" అంది.

నిజానికి ఒంటిగంట అయింది. చిన్న ముల్లు ఒకటి మీద, పెద్ద ముల్లు పన్నెండు మీద ఉన్నాయి. అది వాటిని అటూ ఇటూ చేసి చదివింది. ఇంకా బోలెడు టైముందని మీ అన్నయ్య నింపాదిగా వెళ్ళారు. తర్వాతిది నీకు తెలుసు. ఆయన స్తంభం మీద ఉండగా కరెంటు దాని వేళకు అది వచ్చింది.

ఆసుపత్రిలో మీరు కళ్ళు తెరిచి మొదట అన్న మాట నీళ్ళని కాదు. టైము అర్పిత చెప్పిందని ఎవరికీ తెలియనీయకు, దానికైతే చచ్చినా తెలియకూడదు అన్నారు. నేను ఒట్టు వేశాను. ఇంటికి రాగానే గడియారం తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాను. నాన్న కాలు జారి పడ్డాడని అర్పితకు చెప్పాను. అది తలూపింది. చిన్నపిల్ల, నమ్మేసింది అనుకున్నాను.

ఈ సోమవారం కాగితంలో మళ్ళీ గడియారమే వచ్చింది, పరీక్షల ముందు తిరగేయించడానికి. అది ముళ్ళు చూడటం సరిగ్గా నేర్చుకుందంటే, ఆ రోజు తనేం చెప్పిందో దానికే తెలిసిపోతుందని నాకు భయం పట్టుకుంది. టీచరుతో మాట్లాడమని మీరు రాయించింది కూడా అందుకే కదా. లోకంలో అందరూ పిల్లలకు చదువు రావాలని బడికి వెళతారు. నేను నా పిల్లకు ఒక్క పాఠం రాకూడదని మంగళవారం మధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్ళాను.

బసవమ్మ టీచరు రాయచూరు మనిషి కాబట్టి మన మాట వచ్చు. నన్ను చూసి బెంచీ చూపించింది.

"ఏంది అర్పిత వాళ్ళమ్మా, గింత ఎండల వస్తివి? కూసో. మీ ఆయనకు ఎట్లుంది?"

"బాగానే ఉందండీ. ఈ వారం గడియారం పాఠం మా పిల్లకు చెప్పకండి. ఆ గంట దాన్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టండి."

"ఎందుకట్ల? పరీక్షల అడుగుతరు గద."

"వాళ్ళ నాన్నకు దెబ్బ తగిలిన వారం ఆ పాఠమే జరిగిందండీ. గుర్తొచ్చి ఏడుస్తుందేమోనని."

ఆవిడ అల్మారాలోంచి పిల్లల కాగితాల కట్ట తీసింది. మన అర్పితవి పైన పెట్టింది. ప్రతి వారానికీ రెండు గళ్ళున్నాయి, రాయడం ఒకటి, చెప్పడం ఒకటి. రాయడం గడిలో అన్నీ టిక్కులే. చెప్పడం గడిలో నెలన్నరగా అన్నీ ఇంటూలు.

"నేనే పిలుస్తుంటిని నిన్ను" అంది. "పిల్ల ఎక్కాలు రాస్తది, కూడికలు రాస్తది, ఒక్కటి తప్పు పోదు. నోటితోని చెప్పమంటే మాత్రం పలకది. పాట పాడుతది, కత చెప్తది. ఎంత అని అడిగితినా, తల కిందికేస్తది. కొట్టి చూస్తి గూడ, ఉన్న మాట చెప్తున్న. ఏడ్వలే, పలకలే. ఇంట్ల చెప్తదా?"

"చెబుతుందండీ" అన్నాను.

దారిలో నడుస్తూ ఆలోచించాను. అమ్మా అన్నం పెట్టు అంటుంది. పెయ్య తాడు తెంపుకుందని అరుస్తుంది. రాత్రి అత్తయ్య పక్కన పడుకుని కబుర్లు చెబుతుంది. కానీ దాని నోటి నుంచి ఒక అంకె విని ఎన్నాళ్ళయింది? కోడి ఎన్ని గుడ్లు పెట్టిందే అంటే పరికిణీలో పోసుకొచ్చి నా ముందు పెడుతుంది. ఇంకెన్ని రొట్టెలు కావాలంటే వేళ్ళు చూపిస్తుంది. కలుపుకు వచ్చే నింగవ్వ మొన్న గట్టు మీంచి, "పాపా, గంట ఎంత ఆయితు?" అని టైము కోసం మామూలుగా కేకేసింది. అర్పిత చేతిలో పెయ్య తాడు వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. పెయ్య వెళ్ళి మడిలో పడిందని నేను దాన్నే తిట్టాను. ఇన్ని చూసీ నాకు తట్టలేదండీ. కూతురికి తెలియకూడదని గడియారాలు దాచుకునే పనిలో ఉన్నాను.

సాయంత్రం అది బడి నుంచి రాగానే కాళ్ళు కడిగించి, పళ్ళెం ముందు కూర్చోబెట్టాను. ఎన్ని అట్లు వేయమంటావు అన్నాను. రెండు వేళ్ళు చూపించింది.

"వేళ్ళు కాదు. నోటితో చెప్పు."

తల దించుకుంది.

"చెప్పేదాకా పెట్టను. ఒక్క మాటే కదే, నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"దాన్నెందుకే అట్టా పీక్కు తింటావు, పొద్దున అనగా తిన్నది" అని అత్తయ్య వసారాలోంచి నన్నే కసిరింది. నాకు తిక్క కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అట్లకాడ నేలకేసి కొట్టాను. అర్పిత అదిరిపోయి, పొయ్యి మీది పెంకు వైపు కాకుండా ఖాళీగా ఉన్న గోడ మేకు వైపు చూసింది.

"అమ్మా, గడియారం ఏది?"

"పాడైంది. సింధనూరులో బాగుచేయడానికి ఇచ్చాను."

"పాడవలేదు" అంది. "ఆ రోజు సరిగ్గానే ఉంది. నేనే తప్పు చెప్పాను."

అది నేల వైపు చూస్తూ చెప్పుకుపోయింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టే, గొంతు కూడా మారలేదు. "నాన్న వెళ్ళాక మళ్ళీ చూశాను. పెద్ద ముల్లు నిలువుగా పైనుంది. చిన్నది దాని పక్క అంకె మీదుంది. పెద్దది నిమిషాలని నాన్న చెప్పాడు కదా. అది చాలాసేపటికి గుర్తొచ్చింది. తప్పు చెప్పానని చెబుదామని పరిగెత్తాను. చెప్పు తెగిపోయింది. నాన్నా నాన్నా అని అరిచాను. వినపడలేదు."

ఏమండీ, మీకు ఒళ్ళు తెలియదు కాబట్టి మీకిది తెలియదు. ఆ రోజు అందరం పొలం వైపు పరిగెత్తినప్పుడు అర్పిత మాకంటే ముందే గట్టు మీదుంది. ఒక కాలికే చెప్పుంది. ఈ పిల్ల ఇక్కడికెందుకు వచ్చింది, ఇది చూడాల్సిన చోటా అని ఎవరో అరిచారు. నన్ను చూడగానే అది నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది, నాకు బాగా గుర్తుంది. నేను చెంప మీద కొట్టాను. నింగవ్వ దాన్ని చంకన వేసుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ తెరిచిన నోరు అప్పుడు మూసుకున్నదే.

జారిపడ్డాడని మనం చెబితే తలూపింది కదా, మనకోసం ఊపిందది. దానికి తెలియకూడదని మనం దాస్తుంటే, మనకు తెలియకూడదని అది దాచుకుంది. గోడ మీద గడియారం కనపడకపోయేసరికి, తనను చూసి భయపడే తీసేశామనుకుంది. నోటితో ఇంకో అంకె చెబితే ఇంకెవరికి ఏమవుతుందోనని దాని భయం. ఏడేళ్ళ పిల్ల ఇంత బరువు మోస్తూ రోజూ జడలు వేయించుకుని బడికి వెళ్ళొచ్చింది. నేను జడలు వేశాను గానీ కళ్ళలోకి చూడలేదు.

అత్తయ్య వసారాలో కూర్చుని అంతా విన్నది. లేచి వచ్చి దాన్ని ఒళ్ళో వేసుకుని ఊగుతూ కూర్చుంది. అర్పిత అప్పుడు కూడా ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నాన్నకు తెలుసా?"

ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేకపోయింది. తెలుసు అన్నాను.

"అందుకేనా నాతో ఫోన్లో మాట్లాడట్లేదు?"

మీరెందుకు మాట్లాడటం లేదో నాకు తెలుసు. దాని గొంతు వింటే తట్టుకోలేనని, ఏడిస్తే అది బెదిరిపోతుందని. కోటి రెండుసార్లు బూతుకు ఫోను చేసి నాతోనే మాట్లాడి పెట్టేశాడు. రెండుసార్లూ అర్పిత నా కొంగు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఫోను పెట్టేశాక ఏమీ అడగకుండా నాతోపాటు నడిచి వచ్చేసింది. నాన్నకు నా మీద కోపం అని అది అప్పుడే తేల్చుకుంది. కోపం కాదే అని నేను చెప్పాను. నేను చెబితే నమ్మదు. నేను చెప్పినవి ఇప్పటిదాకా ఏవి నిజాలు గనక?

మీ మాట జవదాటి రెండు పనులు చేశాను, తిట్టదలుచుకుంటే తిట్టండి. బియ్యం డబ్బా వెనక నుంచి గడియారం తీసి, తుడిచి, సెల్లు మార్చి మళ్ళీ అక్కడే తగిలించాను. లోపలి గది మేకుకు వేలాడుతున్న మీ వాచీకి తాళం తిప్పి, పంచాయతీ ఆఫీసులో చూసి సరిచేసి, దాన్ని బట్టి పెట్టాను. అర్పిత గుమ్మంలో నిలబడి చూసింది, దగ్గరికి రాలేదు. నిన్న బడికి వెళ్ళి బసవమ్మ టీచరుకు ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను కొడితి గద ఆ పిల్లను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. మిగతా పిల్లలతో పాటే పాఠానికి కూర్చోబెడతాననీ, చెప్పమని మాత్రం అడగననీ అంది.

అడగాల్సింది ఆవిడ కాదు. నేనూ కాదు. దాన్ని ఆఖరిసారి టైము అడిగింది మీరు. ఇంట్లో ఎవరు ఎంత బుజ్జగించినా, అది ఇంకా మీకు జవాబు చెప్పాల్సిన చోటే నిలబడి ఉంది.

అందుకని నేను చెప్పినట్టు చేయండి. ఈ ఆదివారానికి ఉత్తరం అందదు, వచ్చే ఆదివారం పొద్దున దాన్ని బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతుకు తీసుకొస్తాను. నంబరు కవరు వెనక రాశాను. కోటీ, అన్నయ్యను మెల్లగా ఆసుపత్రి కింద ఫోను దగ్గరికి దింపి, ఆ నంబరు కలిపి, ఫోను చెవి దగ్గర నువ్వే పట్టుకో. ఈసారి ఫోను నేను ఎత్తను, అర్పిత ఎత్తుతుంది. బూతులో గోడకు పెద్ద గడియారం ఉంది. సరిగ్గా నడుస్తోందో లేదో ముందే వెళ్ళి చూసొచ్చాను.

ఎలా ఉన్నావమ్మా అనొద్దు. తప్పు నీది కాదని మొదలుపెట్టొద్దు. అలాంటి మాటలకు లొంగేది కాదది, మీ కూతురే కదా. మొదటి మాటే, అర్పితా టైమెంతమ్మా అని అడగండి. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఎలా అడిగారో అలాగే. ఏడుపొస్తే ఏడుస్తూనే అడగండి. మీకు కష్టమని నాకు తెలుసు. మిమ్మల్ని ఇంతకంటే కష్టమైనది నేనెప్పుడూ అడగలేదు.

అది వెంటనే చెప్పదు. అసలు చెప్పకపోవచ్చు కూడా. మరిదీ, మీటరు తిరుగుతోందని ఫోను లాక్కుంటే నీ మొహం చూడను. చెప్పేదాకా పట్టుకునే ఉండండి. సరిగ్గా చెబితే సరే. తప్పు చెబితే మాత్రం ఊరుకోకండి. తప్పమ్మా, మళ్ళీ చూడు అనండి. ఆ రోజు నేను వంటింట్లోనే ఉన్నాను. పన్నెండూ అయిదు అనడం నా చెవులతో విన్నాను. ఇంకా పన్నెండేనా అని పొయ్యిలో పుల్ల ఎగదోసుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ చూడవే అని ఒక్క మాట అనేవాళ్ళు ఆ వేళ ఈ ఇంట్లో లేకపోయారు.

ఇట్లు,
మీ భార్య,
సౌభాగ్యలక్ష్మి.